గుంటూరులో చిక్కిన ఎర్రగీత

1980 ఫిబ్రవరి 16 మధ్యాహ్నం చంద్రుడి నీడ రాయచూరు మీదుగా పాలమూరు జిల్లాను దాటి జాపాల్-రంగాపూర్ వేధశాల వైపు సాగింది. ఆ పూట ఎన్నో ఇళ్లలో తలుపులు మూసుకున్నారు, కడుపుతో ఉన్నవాళ్లను గడప దాటనివ్వలేదు. సంపూర్ణ సూర్యగ్రహణం పట్టినప్పుడు చంద్రుడి అంచున గులాబీ కలిసిన ఎరుపు మెరుస్తుంది. అది హైడ్రోజన్ రంగు. దాని పుట్టుక వెతుక్కుంటూ పోతే గుంటూరు చేరతాం.

1868 ఆగస్టు 18న ఫ్రెంచి శాస్త్రవేత్త పియేర్ జాన్సెన్ గుంటూరులో, వెలుగును రంగులుగా విడదీసి చూపే వర్ణపటదర్శిని బిగించుకొని గ్రహణం కోసం కాచుకున్నాడు. సూర్యుడి అంచున లేచే ఎర్రటి జ్వాలలు సూర్యుడివేనని 1860 గ్రహణం ఫొటోలతో అప్పటికే తేలింది. అవి దేనితో ఏర్పడ్డాయన్నదే తెలియదు. బాగా కాలిన ఘనపదార్థమైతే తెగని రంగుల పట్టీ కనిపించాలి. వాయువైతే విడివిడి గీతలు రావాలి. చీకటి ఐదు నిమిషాలు దాటి నిలిచింది. గీతలే వచ్చాయి. వాటిలో ఎరుపు, నీలం సరిగ్గా హైడ్రోజన్ గీతల చోటే ఉన్నాయి. అవి ఎంత గట్టిగా వెలిగాయంటే, వీటిని గ్రహణం లేకున్నా చూడొచ్చని జాన్సెన్‌కు అనిపించింది. మర్నాడు పొద్దున చూశాడు కూడా! ఇంగ్లండులో నార్మన్ లాకియర్ అదే పని విడిగా సాధించాడు. ఇద్దరి కబుర్లూ అక్టోబరు 26న ఒకేరోజు పారిస్ అకాడమీ ముందుకొచ్చాయి.

గుంటూరు పేరెత్తగానే మనం హీలియం అంటాం. ఆ గ్రహణంతో మొదలైన పరిశీలనల్లోనే దాని పసుపు గీత బయటపడింది, ఆ గర్వం ఉండాల్సిందే. కానీ జాన్సెన్ ఆ రోజు తేల్చింది హైడ్రోజన్ సంగతి. ఆ పెద్ద కబురును మనం చిన్నది చేశామని నా బాధ.

అదే 1868లో స్వీడన్‌లో ఆంగ్‌స్ట్రామ్ హైడ్రోజన్ గీతలు నాలుగింటి కొలతలు అచ్చువేశాడు. 1885లో స్విట్జర్లాండ్ బడిపంతులు బామర్, అరవయ్యేళ్ల వయసులో, వాటి లెక్క పట్టాడు: 364.56 నానోమీటర్లను 9/5తో హెచ్చిస్తే ఎరుపు, 16/12తో హెచ్చిస్తే నీలం. లెక్క కుదిరింది, కారణం దొరకలేదు.

కారణం 1913లో నీల్స్ బోర్ చెప్పాడు. దిగుడుబావిలో మెట్టు మీద నిలబడగలం, రెండు మెట్ల నడుమ నిలబడలేం. హైడ్రోజన్ పరమాణువులోని ఎలక్ట్రాన్‌దీ అదే స్థితి. అయితే ఈ బావి మెట్లు సమానం కావు. అట్టడుగుది 13.6 ఎలక్ట్రాన్ వోల్టుల లోతున, రెండోది 3.4, మూడోది 1.51, నాలుగోది 0.85 లోతున ఉంటాయి. పైకొచ్చేకొద్దీ దగ్గరవుతాయి. మూడో మెట్టు నుంచి రెండోదానికి దిగే ఎలక్ట్రాన్ మిగిలిన 1.89 ఎలక్ట్రాన్ వోల్టుల శక్తిని ఒక్క ముద్దగా వెలుగు చేసి వదులుతుంది. అదే 656 నానోమీటర్ల ఎరుపు, జాన్సెన్ చూసిన గీత. నీలం నాలుగో మెట్టు నుంచి రెండోదానికి దిగినప్పటిది. అట్టడుగు మెట్టుకు దిగే ఎలక్ట్రాన్లూ వెలుగు వదులుతాయి గాని అది అతినీలలోహితం, ఏ గ్రహణంలోనూ మన కంటికి ఆనదు.