భాగం 14: వర్చువల్ మెషీన్ – మెయిన్‌ఫ్రేమ్ గది నుంచి ఇంటి కంప్యూటర్ దాకా

14.0 లక్ష్యాలు

ఈ భాగాన్ని చదివిన తరువాత మీరు
• వర్చువల్ మెషీన్ అంటే ఏమిటో, దానికీ ఎమ్యులేటర్‌కూ తేడా ఏమిటో చెప్పగలుగుతారు.
• అది ఏ అవసరం కోసం పుట్టిందో, ఇంటి కంప్యూటర్‌ను చేరడానికి 30 ఏళ్ళకు పైగా ఎందుకు పట్టిందో వివరించగలుగుతారు.
• సాఫ్ట్‌వేర్ విషయంలో ‘ఉచితం’, ‘స్వేచ్ఛ’ అనే మాటల మధ్య గల భేదాన్ని ఉదాహరణలతో చూపగలుగుతారు.
• ఇటీవలి కాలపు తెలుగు డిజిటల్ ఆధారాలను చదవడంలో దీని ప్రయోజనాన్ని, పరిమితులను అంచనా వేయగలుగుతారు.

14.1 పరిచయం

శాసనాన్ని చదవాలంటే నాటి లిపి తెలియాలి. తాళపత్ర ప్రతిని చదవాలంటే లిపితో పాటు లేఖకుని రాత కూడా అలవాటు కావాలి. రెండింటిలోనూ అక్షరం కంటికి కనిపిస్తుంది. ఓపిక ఉంటే నేర్చుకుని చదవవచ్చు. 1990లలో కంప్యూటర్ మీద తయారైన ఒక తెలుగు పుస్తకం ఫైలు సంగతి వేరు. దాన్ని తయారు చేసిన ప్రోగ్రాం, ఆ ఫాంటు, వాటిని నడిపే నాటి ఆపరేటింగ్ సిస్టమ్ లేకపోతే ఆ ఫైలులో అక్షరమే కనిపించదు. ఆ కంప్యూటర్లేమో చాలావరకు తుక్కు సామానులో కలిసిపోయాయి.

పాత యంత్రం లేకుండా పాత యంత్రపు పని చేయించడం ఎలా? ఈ ప్రశ్నకు నేడు ఇంట్లోనే, డబ్బు ఖర్చు లేకుండా దొరికే సమాధానాల్లో ముఖ్యమైనది వర్చువల్ మెషీన్. అయితే అది ఈ పని కోసం పుట్టలేదు. ఎక్కడో పెద్ద సంస్థ గదిలో, వేరే అవసరం కోసం పుట్టింది. ఆ ప్రయాణాన్ని, దానివల్ల మనకు కలిగిన లాభాన్ని ఈ భాగంలో పరిశీలిద్దాం.

14.2 భావన: వాటాల ఇల్లు

మన పట్టణాల్లో ఒకే ఇంటిని నాలుగు వాటాలుగా చేసి అద్దెకివ్వడం మీరు చూసే ఉంటారు. ఏ వాటా తలుపు దానిదే, ఏ వాటా వంటగది దానిదే. లోపల ఉన్నవారికి అది తమ ఇల్లే. కాని నేల, నీళ్ళ ట్యాంకు, కరెంటు లైను అన్నీ ఒక్కటే. వాటి అజమాయిషీ ఇంటి యజమాని చేతిలో ఉంటుంది.

వర్చువల్ మెషీన్ అలాంటి వాటా. అసలు కంప్యూటర్‌లోని ప్రాసెసర్, మెమరీ, డిస్కులను పంచి, ప్రతి వాటాలోనూ ఒక పూర్తి కంప్యూటర్ ఉన్నట్లు కనిపింపజేసే ప్రోగ్రాంను హైపర్‌వైజర్ అంటారు. అసలు కంప్యూటర్‌లోని వ్యవస్థ హోస్ట్, వాటాలో దిగిన వ్యవస్థ గెస్ట్. గెస్ట్ దృష్టిలో తనది సొంత డిస్కు. నిజానికి అది హోస్ట్‌లోని ఒక పెద్ద ఫైలు మాత్రమే.

ఎమ్యులేటర్ దీనికి దగ్గరి చుట్టమే గాని ఇదే కాదు. వర్చువల్ మెషీన్‌లో గెస్ట్ ఆదేశాల్లో అధికభాగం అసలు ప్రాసెసర్ మీద నేరుగా నడుస్తాయి. అందువల్ల గెస్ట్, హోస్ట్ రెండూ ఒకే జాతి ప్రాసెసర్‌కు చెందాలి. ఎమ్యులేటర్ వేరే జాతి ప్రాసెసర్ భాషను తన యంత్రపు భాషలోకి మార్చుకుంటూ నడుపుతుంది. దుబాసీ ద్వారా జరిగే సంభాషణ వలె ఇది నెమ్మదిగా సాగుతుంది.

14.3 పుట్టుక: కేంబ్రిడ్జి, 1964–1972

1960ల ఆరంభంలో కంప్యూటర్ ఒక గదిని నింపే యంత్రం. ఖరీదు విశ్వవిద్యాలయాలకు సైతం భారమే. పంచ్ కార్డుల కట్ట అప్పగించి, ఫలితం కోసం గంటల తరబడి వేచి ఉండడం పరిశోధకులకు రివాజు. ఒకే యంత్రాన్ని పలువురు ఏకకాలంలో వాడుకునే ‘టైమ్ షేరింగ్’ పద్ధతిని అమెరికాలోని ఎంఐటీలో ఫెర్నాండో కార్బాటో బృందం 1961లో ప్రదర్శించింది.

1964లో ఐబీఎం తన సిస్టమ్ 360 యంత్రాలను ప్రకటించింది. అయితే అదే ఏడాది ఎంఐటీ తన తరువాతి టైమ్ షేరింగ్ ప్రాజెక్టుకు ఐబీఎంను కాదని జనరల్ ఎలక్ట్రిక్ యంత్రాన్ని ఎంచుకుంది. ఎంఐటీ ఉన్న కేంబ్రిడ్జి పట్టణంలోనే ఐబీఎం నెలకొల్పిన సైంటిఫిక్ సెంటర్‌లో రాబర్ట్ క్రీసీ నాయకత్వాన ఒక చిన్న బృందం వేరే దారి ఆలోచించింది. పలువురిని ఒకే వ్యవస్థలో ఇరికించే బదులు, ఒక్కొక్కరికి ఒక్కొక్క ‘యంత్రాన్నే’ ఇస్తే సరిపోతుంది కదా అన్నది ఆ ఆలోచన. సిస్టమ్ 360 మోడల్ 40 యంత్రానికి ప్రత్యేక మార్పులు చేసి నిర్మించిన సీపీ-40 వ్యవస్థ 1967 జనవరిలో వాడుకలోకి వచ్చింది. అది ఏకకాలంలో 14 వర్చువల్ మెషీన్లను నడిపింది. ఒక్కొక్కదానికి 256 కిలోబైట్ల మెమరీ ఉన్నట్లు కనిపించేది.

దీని వారసుడు సీపీ-67. ఐబీఎం అధికారికంగా తలపెట్టిన టైమ్ షేరింగ్ వ్యవస్థ ఆలస్యాలతో సతమతమవుతుండగా, ఈ చిన్న బృందం పని వినియోగదారుల ఆదరణ పొందింది. చివరకు 1972 ఆగస్టులో ఐబీఎం దాన్ని వీఎం/370 పేరుతో తన ఉత్పత్తిగా ప్రకటించింది. దాని మూల ప్రోగ్రాం కూడా వినియోగదారులకు అందేది.

1974లో జెరాల్డ్ పోపెక్, రాబర్ట్ గోల్డ్‌బర్గ్ ఈ అనుభవాన్ని సిద్ధాంతంగా మలిచారు. వారు చెప్పిన మూడు లక్షణాలు గుర్తుంచుకోండి.
(1) గెస్ట్‌లో ప్రోగ్రాం అసలు యంత్రం మీద నడిచినట్లే నడవాలి.
(2) వనరుల మీద పూర్తి అదుపు హైపర్‌వైజర్‌దే కావాలి.
(3) ఆదేశాల్లో అధికభాగం దాని జోక్యం లేకుండా నేరుగా నడవాలి.

స్వయం పరీక్ష – 1: ‘ఒకే వ్యవస్థను పలువురు పంచుకోవడం’, ‘ఒకే యంత్రం మీద పలు యంత్రాలు నడపడం’ – ఈ రెండింటి భేదాన్ని వాటాల ఇంటి ఉదాహరణతో మూడు వాక్యాల్లో రాయండి.

14.4 ఇంటి కంప్యూటర్ ముందున్న అడ్డంకి

1980లలో పర్సనల్ కంప్యూటర్ వచ్చాక ఈ భావన వెనక్కు తగ్గింది. చవకైన యంత్రం ఒక్కొక్కరికి ఒకటి దొరుకుతున్నప్పుడు ఒకదాన్ని ముక్కలు చేయవలసిన పనేముంది?

దానికి తోడు సాంకేతికమైన అడ్డంకి ఒకటి ఉంది. ఇంటి కంప్యూటర్లలో విరివిగా వాడే ఇంటెల్ ఎక్స్86 ప్రాసెసర్లు పోపెక్, గోల్డ్‌బర్గ్ షరతులకు లోబడేవి కావు. గెస్ట్ తన పరిధి దాటే ఆదేశం ఇస్తే ప్రాసెసర్ వెంటనే ఆగి హైపర్‌వైజర్‌కు కబురు పెట్టాలి. ఎక్స్86లో కొన్ని కీలక ఆదేశాలు అలా కబురు పెట్టేవి కావు. పని చేయకుండా, చేయలేదని చెప్పకుండా ఊరుకునేవి. పెంటియం ప్రాసెసర్‌లో అలాంటివి 17 ఉన్నట్లు 2000లో వెలువడిన ఒక పరిశోధన లెక్క తేల్చింది.

ఈ అడ్డంకిని దాటే దారి స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయపు పరిశోధన నుంచి వచ్చింది. అక్కడ మెండెల్ రోజెన్‌బ్లమ్, ఎడ్వర్డ్ బున్యాన్, స్కాట్ డివైన్ 1997లో డిస్కో అనే హైపర్‌వైజర్‌ను ప్రచురించారు. మరుసటి ఏడాది వారు డయాన్ గ్రీన్, ఎడ్వర్డ్ వాంగ్‌లతో కలిసి వీఎంవేర్ సంస్థను స్థాపించారు. 1999లో వచ్చిన వీఎంవేర్ వర్క్‌స్టేషన్ చిక్కు తెచ్చే ఆదేశాలను ముందే పసిగట్టి, నడుస్తుండగానే వేరే ఆదేశాలుగా మార్చేసేది. మామూలు పీసీ మీద లినక్స్, విండోస్ పక్కపక్కనే నడవడం అలా సాధ్యమైంది.

ఆ తరువాత ప్రాసెసర్ తయారీదారులే దిగివచ్చారు. 2005లో ఇంటెల్, 2006లో ఏఎండీ ఈ పనికి అవసరమైన సదుపాయాన్ని ప్రాసెసర్‌లోనే పొందుపరిచాయి. ఐబీఎం సిస్టమ్ 360 మోడల్ 67లో మెమరీ పంపకానికి హార్డ్‌వేర్ తోడ్పాటు 1960లలోనే ఉందన్నది ఇక్కడ గమనించదగ్గ విషయం. సాంకేతిక చరిత్ర తిన్నని గీత కాదు. తెలిసిన విద్యను వదిలేసి, అవసరం వచ్చినప్పుడు మళ్ళీ కష్టపడి సాధించడం అందులో మామూలే.

14.5 ఉచితం వేరు, స్వేచ్ఛ వేరు

ఇంగ్లీషులో వెల లేకపోవడానికీ, స్వాతంత్ర్యానికీ ఒకటే మాట ‘ఫ్రీ’. దానివల్ల సాఫ్ట్‌వేర్ చర్చల్లో చాలా గందరగోళం జరిగింది. తెలుగులో ఆ ఇబ్బంది లేదు. వెల లేనిది ఉచితం. మూల ప్రోగ్రాంను చదివి, మార్చి, పంచుకునే హక్కు ఇచ్చేది స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్. హైదరాబాద్ కేంద్రంగా ఈ రంగంలో పనిచేస్తున్న సంస్థ ‘స్వేచ్ఛ’ అని పేరు పెట్టుకోవడంలో ఔచిత్యం ఇదే. ఈ భేదాన్ని దృష్టిలో పెట్టుకుని కింది చరిత్రను చదవండి.

కనెక్టిక్స్ సంస్థ 1997లో తెచ్చిన వర్చువల్ పీసీని 2003లో మైక్రోసాఫ్ట్ కొనుగోలు చేసి, 2006లో ఉచితం చేసింది. వీఎంవేర్ తన ప్లేయర్‌ను 2005లో ఉచితంగా ఇచ్చింది. 2023 నవంబరులో వీఎంవేర్‌ను బ్రాడ్‌కామ్ సంస్థ కొనుగోలు చేసింది. 2024లో వర్క్‌స్టేషన్ ప్రోను మొదట వ్యక్తిగత వాడకానికి, తరువాత అందరికీ ఉచితం చేసింది. ఇవన్నీ యజమాని నిర్ణయాలు. వెల తీసివేసిన చేతికి దాన్ని తిరిగి పెట్టే అధికారమూ ఉంటుంది. ఉత్పత్తిని ఆపివేసే అధికారమూ ఉంటుంది.

రెండో తీరు వేరు. ఫాబ్రీస్ బెలార్ 2003లో విడుదల చేసిన క్యూఎము, 2007 ఫిబ్రవరిలో లినక్స్ కెర్నల్‌లో చేరిన కేవీఎం స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్. ఇంటి వినియోగదారులకు బాగా పరిచయమైన వర్చువల్‌బాక్స్ చరిత్ర ఇంకా ఆసక్తికరం. జర్మనీకి చెందిన ఇన్నోటెక్ 2007 జనవరిలో దాని మూల ప్రోగ్రాంను జీపీఎల్ లైసెన్సు కింద విడుదల చేసింది. 2008లో ఇన్నోటెక్‌ను సన్ మైక్రోసిస్టమ్స్, 2010లో సన్‌ను ఒరాకిల్ కొన్నాయి. మూడేళ్ళలో ముగ్గురు యజమానులు మారినా, జీపీఎల్ కింద విడుదలైన భాగం మీద ప్రజల హక్కు మారలేదు. అయితే అదనపు సదుపాయాలుండే ఎక్స్‌టెన్షన్ ప్యాక్ వేరే లైసెన్సుతో వస్తుంది. వ్యక్తిగత వాడకానికి అది ఉచితమే గాని, వ్యాపార సంస్థలకు కాదు. ఒకే పేరు కింద స్వేచ్ఛ ఒక పెట్టెలో, ఉచితం ఒక పెట్టెలో ఉన్నాయన్నమాట.

ఇంకో మాట. హైపర్‌వైజర్ ఉచితమైనంత మాత్రాన అందులో దించే గెస్ట్ ఉచితం కాదు. పాత విండోస్‌కు లైసెన్సు ఉండవలసిందే. లినక్స్, ఫ్రీడాస్ వంటివాటికి ఆ ఇబ్బంది లేదు.

స్వయం పరీక్ష – 2: యజమాని మారినప్పుడు వర్చువల్ పీసీ, వర్చువల్‌బాక్స్ వినియోగదారుల స్థితిలో తేడా ఏమిటి?

14.6 చరిత్ర విద్యార్థికి దీనితో పనేమిటి?

ఇక మొదట వేసుకున్న ప్రశ్నకు వద్దాం. భారతీయ లిపులకు ఇస్కీ ప్రమాణం, యూనికోడ్ తొలి సంచిక రెండూ 1991లోనే వెలువడ్డాయి. యూనికోడ్‌లో అప్పుడే తెలుగు ఉంది. ప్రమాణం ఉండడం వేరు, అది మన బల్ల మీది కంప్యూటర్‌కు చేరడం వేరు. విండోస్‌లో తెలుగు యూనికోడ్ 2001 నాటి ఎక్స్‌పీతో, గౌతమి ఫాంటుతో వచ్చింది. ప్రచురణ రంగం అంతవరకు ఆగలేదు. పేజ్‌మేకర్‌లో అను వంటి ఫాంట్లతో పత్రికలు, పుస్తకాలు, కరపత్రాలు, శుభలేఖలు తయారయ్యాయి. యూనికోడ్ వచ్చిన తరువాత కూడా డీటీపీ కేంద్రాల్లో ఆ పద్ధతి చాలాకాలం కొనసాగింది.

ఈ ఫాంట్లలో తెలుగు అక్షరపు ముక్కలు ఇంగ్లీషు అక్షరాల సంకేతాల స్థానంలో కూర్చుంటాయి. ఫాంటు లేని యంత్రంలో ఫైలు తెరిస్తే అర్థంలేని ఇంగ్లీషు గుర్తుల వరుస కనిపిస్తుంది. పాఠాన్ని యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్లు ఉన్నాయి. అవి చాలా ఉపయోగకరం. కాని పేజీ అమరిక, పట్టికలు, శీర్షిక పరిమాణం, బొమ్మ ఉన్న చోటు వాటికి అందవు. ఒక చిన్న పత్రిక ఏ వార్తకు ఎంత చోటిచ్చిందన్నది చరిత్రకారునికి ఆధారమే కదా. దాన్ని చూడాలంటే ఫైలును దాని సొంత ప్రోగ్రాంలోనే తెరవాలి.

ఇక్కడ వర్చువల్ మెషీన్ అక్కరకు వస్తుంది. విండోస్ ఎక్స్‌పీకి మైక్రోసాఫ్ట్ సిఫారసు చేసిన మెమరీ 128 మెగాబైట్లు. 8 గిగాబైట్లున్న నేటి ఇంటి కంప్యూటర్‌లో అది 64వ వంతు. పని చేసేటప్పుడు ఈ నాలుగు సంగతులు పాటించండి.

(అ) కంప్యూటర్ ప్రారంభ సెట్టింగులలో వర్చువలైజేషన్ సదుపాయం ఆన్ చేసి ఉందో లేదో చూసుకోవాలి. చాలామందికి మొదట ఎదురయ్యే ఆటంకం ఇదే.
(ఆ) పాత ఫైలు అసలు ప్రతిని ముట్టుకోకూడదు. నకలు తీసి, నకలునే గెస్ట్‌లోకి పంపాలి.
(ఇ) గెస్ట్‌కు ఇంటర్నెట్ ఇవ్వకూడదు. ఎక్స్‌పీకి భద్రతా సవరణలు 2014 ఏప్రిల్ 8తో ఆగిపోయాయి.
(ఈ) అంతా సిద్ధమయ్యాక ‘స్నాప్‌షాట్’ తీసి ఉంచాలి. ఏదైనా చెడితే ఒక్క నొక్కుతో ఆ స్థితికి తిరిగి రావచ్చు.

పరిమితులు కూడా తెలిసి ఉండాలి. కొన్ని పాత ప్రోగ్రాంలు కంప్యూటర్ వెనుక తగిలించే హార్డ్‌వేర్ తాళం లేనిదే నడవవు. వాటికి వర్చువల్ మెషీన్ ఒక్కటే చాలకపోవచ్చు. ప్రాసెసర్ జాతి మారితే పద్ధతీ మారుతుంది. ఆపిల్ సంస్థ 2020 నుంచి ప్రవేశపెట్టిన కొత్త ప్రాసెసర్లున్న మ్యాక్‌లలో పాత విండోస్‌ను ఎమ్యులేటర్ ద్వారానే నడపాలి. అన్నిటికంటే ముఖ్యం, గెస్ట్ డిస్కు కూడా ఒక ఫైలే. దాన్ని తెరిచే హైపర్‌వైజర్ రేపు లేకపోతే సమస్య మళ్ళీ మొదటికి వస్తుంది. అందుకే మూల ప్రోగ్రాం అందరి చేతిలో ఉండే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌ను ఎంచుకోవడం చరిత్ర విద్యార్థికి ముందుచూపు.

14.7 సారాంశం

ఖరీదైన ఒక యంత్రాన్ని పలువురికి పంచడానికి వర్చువల్ మెషీన్ పుట్టింది. ఇంటి కంప్యూటర్‌లో దాని పని తలకిందులైంది. ఒకే మనిషికి పలు యంత్రాలను, అందులోనూ కనుమరుగైన యంత్రాలను అందించేదిగా మారింది. హెర్క్యులిస్ అనే స్వేచ్ఛా ఎమ్యులేటర్ సాయంతో నాటి వీఎం/370ను నేడు ఇంటి కంప్యూటర్ మీద నడిపి చూడవచ్చు. మూల ప్రోగ్రాం వినియోగదారులకు అందినందువల్లనే ఆ వ్యవస్థను ఇప్పటికీ చదవగలుగుతున్నాం. 1990ల తెలుగు ఫైళ్ళు ఎన్నో ఇంకా డీటీపీ కేంద్రాల పాత డిస్కుల్లో, ఇళ్ళలో అటక మీది పెట్టెల్లో ఉన్నాయి. డిస్కులు పాడయ్యేలోపు వాటిని నకలు తీసి తెరవడం మీ తరం చేయగల పని. దానికి కావలసిన పరికరం మీ బల్ల మీదే ఉంది.

14.8 నమూనా పరీక్షా ప్రశ్నలు

I. ఈ కింది ప్రశ్నలకు 30 పంక్తుల్లో సమాధానాలు రాయండి.
1. సీపీ-40 నుంచి వీఎం/370 వరకు వర్చువల్ మెషీన్ పరిణామాన్ని వివరించండి.
2. ‘వెల లేకపోవడం హక్కు ఉండడంతో సమానం కాదు’ – వర్చువల్ మెషీన్ సాఫ్ట్‌వేర్ చరిత్ర ఆధారంగా చర్చించండి.

II. ఈ కింది ప్రశ్నలకు 10 పంక్తుల్లో సమాధానాలు రాయండి.
1. ఎక్స్86 ప్రాసెసర్‌పై వర్చువల్ మెషీన్ నడపడంలోని ఇబ్బంది ఏమిటి? అది ఎలా తొలగింది?
2. యూనికోడ్‌కు ముందునాటి తెలుగు ఫైళ్ళను చదవడంలో కన్వర్టర్, వర్చువల్ మెషీన్ల ప్రయోజనాలను పోల్చండి.

III. అభ్యాసం
మీ ఊరిలోని ఒక డీటీపీ కేంద్రానికి గాని, చిన్న పత్రిక కార్యాలయానికి గాని వెళ్ళి, 2005కు పూర్వపు ఫైళ్ళు ఏ రూపంలో భద్రపరచి ఉన్నాయో, వాటిలో ఎన్నిటిని నేడు తెరవగలుగుతున్నారో తెలుసుకుని ఒక పేజీ నివేదిక తయారు చేయండి.