తలుపు తీసిన చేయి

2013 నవంబరు 2, శనివారం. తెల్లవారుజామున నాలుగున్నర. అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో, డెట్రాయిట్‌ను ఆనుకుని ఉన్న డియర్‌బోర్న్ హైట్స్.

దబదబమని చప్పుడు. పక్క తలుపు మీద ఒకసారి, వీధి తలుపు మీద ఒకసారి, మళ్లీ మళ్లీ. పడక కుర్చీలో నిద్రపోతున్న 54 ఏళ్ల మనిషి ఉలిక్కిపడి లేచాడు. ఇంట్లో ఆయన ఒక్కడే. సెల్‌ఫోను కోసం వెతికాడు. కనిపించలేదు. ల్యాండ్‌లైన్ లేదు. ముందు బేస్‌బాల్ బ్యాటు అందుకున్నాడు. చప్పుడు ఆగకపోయేసరికి అలమరలోని షాట్‌గన్ తీశాడు.

కొన్నాళ్ల క్రితం ఎవరో ఆకతాయిలు ఆయన బండి మీద రంగుగుళ్లు పేల్చి పోయారు. ఆ కోపంలోనో, దిగులులోనో తుపాకిలో తూటాలు నింపి పెట్టుకున్నాడు. నింపిన సంగతి ఆ రాత్రి మరిచిపోయానని తర్వాత చెప్పాడు.

అది మాస్‌బర్గ్ కంపెనీ 12 గేజ్ షాట్‌గన్. మన ఊళ్లలో లైసెన్సు మీద ఉంచుకునే 12 బోర్ డబుల్ బ్యారెల్‌కు చుట్టమే. పౌను సీసాన్ని 12 సమానమైన గుండ్లుగా పోస్తే ఒక్కో గుండు ఎంత లావుంటుందో, గొట్టం లోపలి బోలు అంత. అమెరికాలో ఇంటి కాపలాకు తుపాకి కొనాలనుకునేవాళ్లకు దుకాణాల్లో ముందుగా చూపించే వాటిలో ఇదొకటి. ధర తక్కువ, వాడడం తేలిక, దగ్గర్లో దెబ్బ భయంకరం. అదే ఏడాది ఫిబ్రవరిలో సాక్షాత్తూ ఉపాధ్యక్షుడు జో బైడెన్ కూడా ఇంటికి షాట్‌గన్ చాలని, ఎవరైనా వస్తే బాల్కనీలోకి వెళ్లి ఇంటి బయటికి రెండు సార్లు పేల్చమని తన భార్యకు చెప్పానని అన్నారు. మరో ఇంటర్వ్యూలో తలుపులోంచే కాల్చమనీ అన్నారు. అంత పెద్ద పదవిలో ఉన్న మనిషి నోటి నుంచి అంత ప్రమాదకరమైన సలహా రాకూడదు. తలుపు అవతల ఎవరున్నారో చూడకుండా కాల్చినవాణ్ని చట్టం కాపాడుతుందన్న భరోసా లేదు.

షాట్‌గన్ గురించి జనంలో ఉన్న నమ్మకాలు చాలావరకు సినిమాల నుంచి వచ్చినవే. గురి అక్కర్లేదు, గుళ్లు గదంతా పరుచుకుంటాయి అనుకుంటారు. గది కొలతలో ఆ గుళ్లు మహా అయితే పిడికిలంత మేర పరుచుకుంటాయి. గురి తప్పితే తప్పినట్టే. తప్పిన గుళ్లు ఊరుకోవు. 00 రకం బక్‌షాట్ తూటాలో ఒక్కో గుండు 8 మిల్లీమీటర్ల పైచిలుకు, తూటాకు ఎనిమిదో తొమ్మిదో ఉంటాయి. అమెరికా ఇళ్ల గోడలు చెక్క చట్రాల మీద బిగించిన జిప్సం అట్టలు. వాటిని చీల్చుకుని పక్క గదిలోకి, దాని తర్వాతి గదిలోకి పోతాయి. అక్కడ పడుకున్నది పిల్లలైతే? అందుకే తెలిసినవాళ్లు తుపాకి కంటే ముందు ఇంటి నక్షా చూడమంటారు. ఎటు కాలిస్తే గుండు ఎక్కడికి పోతుంది, ఇంటిల్లిపాదీ ఏ గదిలోకి చేరాలి, ఆ గది తలుపు గట్టిదేనా, ఫోను అక్కడ ఉంటుందా. ట్రిగ్గర్ మీదికి వేలు పోవలసింది ఇవన్నీ అయ్యాక, ఎదుట ఉన్నదెవరో కళ్లారా చూశాక.

ఆ రాత్రి వరుస తిరగబడింది.

ఆయన తలుపుకున్న చిన్న రంధ్రంలోంచి చూశాడు. ఒక నీడ కదిలింది. గడియ తీశాడు. లోపలి తలుపు తెరిచాడు. ఇప్పుడు మధ్యన మిగిలింది తాళం వేసి ఉన్న జాలీ తలుపు ఒక్కటే. ఇంటి పక్క నుంచి ఎవరో వేగంగా వచ్చినట్టనిపించింది. తుపాకి పేలింది.

వరండాలో పడిపోయింది 19 ఏళ్ల నల్లజాతి అమ్మాయి. చేతిలో ఆయుధం లేదు. గాయం ముఖానికి. అంతకు మూడున్నర గంటల ముందు, ఆ చుట్టుపక్కలే ఆమె కారు ఆగి ఉన్న మరో కారును గుద్దింది. రక్తం కారుతూ, తల పట్టుకుని, అయోమయంగా తిరిగిన ఆమెను చూసినవాళ్లున్నారు. మద్యం తాగి ఉంది, నిజమే. చట్టం అనుమతించే హద్దుకు రెండున్నర రెట్లు మించే. మధ్యలో ఆ గంటలన్నీ ఎక్కడ తిరిగిందో ఎవరూ సరిగా చెప్పలేకపోయారు. ఆ తలుపు ఎందుకు బాదిందో చెప్పడానికి ఆమె లేదు. సాయం కోసమేనని ప్రాసిక్యూషన్ వాదించింది. నాకూ అదే నమ్మబుద్ధవుతుంది.

ఆయన ముందు పోలీసులతో తుపాకి పొరపాటున పేలిందన్నాడు. విచారణలో ప్రాణభయంతో కాల్చానన్నాడు. రెండు మాటలకూ పొంతన కుదరలేదు. మిషిగన్‌లో 2006 నుంచి ఉన్న ఆత్మరక్షణ చట్టం ఉదారమైనదే. మన ఇంట్లో మనం వెనక్కి తగ్గాల్సిన పని లేదు. కానీ చావో పెద్ద గాయమో తప్పదన్న భయం నిజాయితీగా ఉండాలి, సబబుగానూ ఉండాలి. భయపడ్డవాడు తలుపెందుకు తీశాడన్న ప్రశ్న విచారణ పొడుగునా ఆయన్ని వెంటాడింది.

2014 ఆగస్టు 7న జ్యూరీ దోషి అంది. సెప్టెంబరు 3న 17 నుంచి 32 ఏళ్ల జైలు శిక్ష పడింది. శిక్ష వేస్తూ జడ్జి డేనా హాథవే, ఆయన కరడుగట్టిన హంతకుడని తాను అనుకోవడం లేదన్నారు. కొంత భయం ఉన్నా, ఎక్కువగా కోపమూ కంగారూ ఆ పని చేయించాయన్నారు. ఆయన ఏడుస్తూ ఆ అమ్మాయి కుటుంబాన్ని క్షమాపణ అడిగాడు.

ఆ ఇంటి నుంచి కారులో కాస్త దూరం పోతే కాంటన్, నోవై, ఫార్మింగ్టన్ హిల్స్. మన తెలుగువాళ్లు ఇళ్లు కొనుక్కుని స్థిరపడ్డ ఊళ్లు. తుపాకి కొందామా అన్న మాట ఆ ఇళ్లలోనూ వస్తుంటుంది. కొనేవాళ్లు గేజ్ గురించి, తూటాల గురించి అడుగుతారు, అడగాలి కూడా. రాత్రి పడుకునేటప్పుడు ఫోను ఎక్కడ పెడుతున్నారో మాత్రం ఎవరూ అడగరు.

ఆయన ఫోను ఇంట్లోనే ఉంది. బాత్‌రూములో విడిచిన ప్యాంటు జేబులో. 911కి ఫోను చేసేటప్పటికి 4.42 అయింది. తన వరండాలో ఒక మనిషిని కాల్చానని చెప్పాడు.