శరణార్థి డాక్టర్ బ్రిటన్‌లో మళ్లీ వైద్యం చేయాలంటే?

సూడాన్‌లోనో సిరియాలోనో ఏళ్లపాటు వైద్యం చేసిన డాక్టర్ ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని బ్రిటన్ చేరారనుకోండి. వెంటనే ఆసుపత్రిలో పనికి కుదరవచ్చా? కుదరదు. ఆశ్రయం దరఖాస్తు తేలేదాకా సాధారణంగా ఏ ఉద్యోగమూ చేయనివ్వరు. శరణార్థి హోదా వచ్చాకే పని చేసే హక్కు.

ఆ తర్వాత జనరల్ మెడికల్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్. ముందు ఇంగ్లిష్ పరీక్ష. ఐఈఎల్‌టీఎస్ అకడమిక్‌లో మొత్తమ్మీద 7.5, ఒక్కో విభాగంలో కనీసం 7 రావాలి. లేదంటే ఓఈటీ రాయొచ్చు. ఆపై ప్లాబ్. బ్రిటన్ వెళ్లాలనుకునే మన ఎంబీబీఎస్‌లు రాసేదీ ఇదే. మొదటి భాగంలో 3 గంటల్లో 180 ప్రశ్నలు. రెండోది మాంచెస్టర్‌లో ప్రాక్టికల్. అక్కడ నటులు రోగులుగా కూర్చుంటారు, డాక్టర్ మాట్లాడే తీరుకూ మార్కులుంటాయి.

పరీక్షలకంటే పెద్ద చిక్కు కాగితాలు. డిగ్రీ అసలైనదేనని చదివిన యూనివర్సిటీ నుంచే ధ్రువీకరణ రావాలి. యుద్ధంలో ఆ యూనివర్సిటీయే మూతపడితే? దరఖాస్తుకు ముందే కౌన్సిల్‌కు ఆ సంగతి రాసి చెప్పడం మేలు. ఇంకో మెలిక ఉంది. ఇంగ్లిష్ స్కోరు సాధారణంగా 2 ఏళ్లే చెల్లుతుంది. హోదా రాకముందే తొందరపడి రాస్తే గడువు దాటిపోవచ్చు, ఫీజు మళ్లీ కట్టాలి.

శరణార్థులకు కౌన్సిల్ ఫీజుల్లో రాయితీలున్నాయి. శాల్‌ఫర్డ్‌లోని ‘రీచ్’ కేంద్రం వారికి శిక్షణ ఇస్తుంది. నర్సులకు కౌన్సిల్, పరీక్షలు వేరు. హెల్త్‌కేర్ అసిస్టెంట్‌కు రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. జీతం తక్కువే, డాక్టర్‌గా బతికినవారికి కొంత కష్టంగానూ ఉంటుంది. కానీ ఎన్‌హెచ్‌ఎస్ వార్డు ఎలా నడుస్తుందో ప్లాబ్‌కు ముందే తెలిసొస్తుంది.