గుర్రానికి తాతల పేర్లున్నాయి

2024 సెప్టెంబరు 9న మద్రాసు గిండీ గుర్రప్పందేల మైదానం గేట్లకు రెవెన్యూ వాళ్ళు సీలు వేశారు. మర్నాడు పేపర్లో ఫోటో వస్తే మా జేజికి చూపించాను. జేజి అంటే మా నాయన తల్లి. తొంభైకి దగ్గర పడింది, చూపు ఆనదు. పేపరు కళ్ళకి ఆనించుకుని "గేటు మార్చినారే" అంది. అంతే. కాసేపయ్యాక "లోపల గరికంతా ఇప్పుడెవురు చెక్కుతారబ్బయా?" అనడిగింది.

మా జేజి ఆ మైదానం గుర్రాలకి దాదాపు ఇరవయ్యేళ్ళు గడ్డి చెక్కింది. మా అబ్బ, అంటే ఆమె పెనిమిటి, అక్కడ సైసు. గుర్రాన్ని కడిగేవాడు, మాలీసు చేసేవాడు, లద్దె ఎత్తేవాడు. ఈ సంగతి మా ఇంట్లో అందరికీ తెలుసు గానీ ఎవరం దీన్ని చరిత్ర అనుకోలేదు. నేను కూడా అనుకోలేదు. బళ్ళో పిల్లలకి సాంఘిక శాస్త్రం చెప్పేవాణ్ణయ్యుండీ అనుకోలేదు.

ఏదన్నా పాతది మూతపడితే దాని చరిత్ర కాపాడాలంటారు. గిండీ చరిత్ర చిన్నదేం కాదు. అక్కడ 1777లోనే పందేలు మొదలయ్యాయని చెప్తారు. అప్పటికి కంపెనీ దొరలు మన కోస్తాలో పన్నులు గుంజుతున్న రోజులు. ఇప్పుడున్న మద్రాసు రేస్ క్లబ్ 1896లో ఏర్పడింది. దొరలు పోయాక రాజాలు, జమీందార్లు, మిల్లుల యజమానులు, చెట్టియార్లు నడిపారు. ఎం.ఏ.ఎం. రామస్వామి అనే ఆయన గుర్రాలు గెలిచిన పెద్ద పందేలు వందల్లో ఉన్నాయి. ఆ కప్పులూ ఫోటోలూ లెక్కలూ ఎక్కడో ఒకచోట భద్రంగానే ఉంటాయి. వాటిని గురించి నాకేం బెంగ లేదు.

మా అబ్బ మద్రాసుకి పోయింది బకింగ్‌హామ్ కాలవ మీద. మాది ఇస్కపల్లి దాపున కాలవకీ సముద్రానికీ మధ్య ఊరు. ఊరికి తూర్పున సరివి తోపులు, ఉప్పు కొటార్లు, ఆ పక్కన మా మాదిగవాడ. కాలవలో నడిచిన పడవల్ని జనం ఇప్పటికీ కథలుగా చెప్పుకుంటారు. ఉప్పు, సరివి కట్టెలు వేసుకుని మద్రాసు బేసిన్ బ్రిడ్జి దాకా పోయేవి. గాలుంటే తెరచాప, లేకపోతే గట్టున మనుషులు తాడు పట్టుకుని లాగడమే. ఈ కాలవకి మద్రాసు నడిమధ్యలో ఉన్న ముక్కని, కూవం నుంచి అడయారు దాకా, 1877-78 కరువులో కూలీల చేత తవ్వించి గవర్నరు బకింగ్‌హామ్ పేరు పెట్టారు. తవ్వినోళ్ళ పేర్లు అప్పుడూ ఎవరూ రాయలేదు.

మా అబ్బ పదిహేడు పద్దెనిమిదేళ్ళ వయసులో కట్టెల పడవెక్కాడు. స్వాతంత్ర్యం వచ్చిన మరుసటేడు. ఊళ్ళో ఒక ఆసామి దగ్గర జీతం ఉండేవాడు. జీతమంటే ఏడాదికిన్ని వడ్లు, ఒక జత గుడ్డలు. గొడ్డు చస్తే ఈడ్చుకుపోవడం, తోలు తియ్యడం, ఆసామికి చెప్పులు కుట్టడం ఇవన్నీ జీతంలో భాగం కూడా కాదు, ఊరికే చెయ్యాల్సిందే. వాళ్ళ మేనమామ అప్పటికే మద్రాసులో కార్పొరేషన్ పాకీ పనిలో ఉన్నాడు. మద్రాసు వీధులు ఊడ్చినోళ్ళలో, దొడ్లు కడిగినోళ్ళలో తెలుగు మాట్లాడేవాళ్ళు ఎంతమందో, వాళ్ళలో నెల్లూరు, ఒంగోలు వైపు నుంచి పోయినోళ్ళు ఎంతమందో ఆ వాడల్లోకి పోయి చూస్తే తెలుస్తుంది. అక్కడి ప్రభుత్వ కాగితాల్లో వాళ్ళు ఆది ఆంధ్రులు. మేనమామ మా అబ్బకి కూడా బకెట్టూ చీపురూ ఇప్పించబోయాడు. అబ్బ మూడు రోజులు చేసి మానేశాడంట. గిండీలో ఒక ట్రెయినరు లాయంలో మనిషి కావాలంటే అక్కడికి పోయాడు. "మనిషి పెంట ఎత్తేదానికంటే గుర్రం లద్దె ఎత్తేది నయం గదరా" అనేవాడు. అది ఆయన చేసిన తిరుగుబాటు. నవ్వొస్తే నవ్వుకోండి.

కులం మాత్రం ఆయన కంటే ముందే లాయానికి చేరింది. జీను పట్టీ తెగితే అబ్బకిచ్చేవాళ్ళు. కళ్ళెం తోలు ఎండిపోతే అబ్బకిచ్చేవాళ్ళు. నీకు ఈ పని వచ్చని వాళ్ళకెట్ట తెలుసబ్బా అంటే "నేనేం చెప్పలా. ఏ ఊరు, ఎవుర్లు అనడిగినారు, అంతే" అన్నాడు. దానికి వేరే కూలి లేదు. ఊళ్ళో ఊరికే కుట్టిన తోలే అక్కడా ఊరికే కుట్టాడు.

దొరల కాలం నుంచీ గుర్రప్పని మా లాంటోళ్ళదే. బెంగాల్లో సైస్ అనేవాణ్ణి మద్రాసు వైపు హార్స్ కీపర్ అనేవాళ్ళు. ఒక్కో గుర్రానికి ఒక హార్స్ కీపరు, ఒక గడ్డికోత మనిషి. ఆ గడ్డికోత మనిషి చాలాసార్లు హార్స్ కీపరు పెళ్ళామే. రాజమండ్రిలో జడ్జిగా ఉన్న దొర భార్య జూలియా మెయిట్‌ల్యాండ్ ఇంటికి రాసిన జాబులు 1843లో లండన్‌లో పుస్తకంగా వచ్చాయి. తన ఇంటి నౌకర్ల గురించి చెబుతూ హార్స్ కీపర్లనీ గడ్డికోసేవాళ్ళనీ లెక్కలో వేస్తుంది. లెక్కే, పేర్లు కాదు. వందేళ్ళు దాటాక మా జేజి కూడా అట్లాగే లెక్కలో ఒక మనిషి.

జేజి పని చీకట్నే మొదలు. చిన్న పార, గోతాం, నీళ్ళ ముంత. అడయారు ఏటి గట్టు, వేళచ్చేరి చెరువు కట్ట, రైలు కట్ట పక్కన ఎక్కడ లేత గరికుంటే అక్కడికి. పందెపు గుర్రానికి ఏ గడ్డి పడితే ఆ గడ్డి పెట్టరు. వేరు దగ్గరికి చెక్కాలి, మన్ను రాకూడదు, తుంగ కలవకూడదు. చెక్కింది నీళ్ళలో జాడించి మోపు కట్టి నెత్తిన పెట్టుకుని రావాలి. మోపు తక్కువుంటే కూలి కోత. జేజి అరచేతులు ఇప్పుడు పట్టుకున్నా గరుగ్గానే ఉంటాయి. ఉలవల సంగతి ఇంకా బాగా చెప్తుంది. గుర్రాలకి ఉలవలు ఉడకేస్తే ఆ ఉడికిన నీళ్ళు ముంతల్లో పట్టుకొచ్చుకునేవాళ్ళంట. చింతపండు, మిరపకాయ వేసి కాచుకుంటే అదే చారు. ఈ మధ్య పెళ్ళిళ్ళలో వెన్న వేసి ఉలవచారు వడ్డిస్తుంటే జేజి మూతి తిప్పుతుంది. "గింజలు గుర్రానికి, నీళ్ళు మనకి" అంటుంది.

మా ఇంట్లో డిగ్రీ చదివినవాణ్ణి నేనే మొదలు. ఆ చదువుతో నేను చేసిన ఒక పని, ఒక లైబ్రరీలో కూచుని పాత రేసు పుస్తకాలు తిరగెయ్యడం. మా అబ్బ పేరు దొరుకుతుందేమోనని ఆశ. ఒక పందానికి ఒక పేజీ. గుర్రం పేరు, రంగు, వయసు. దాని తండ్రి పేరు, తల్లి పేరు. యజమాని, ట్రెయినరు, జాకీ. మొయ్యాల్సిన బరువు. సైసుకి గడి లేదు. అబ్బ పేరు కొట్టేసి ఉంటే బాధపడేవాణ్ణేమో, గడే లేకపోతే ఏమని బాధపడేది?

తల్లిదండ్రులతో ఆగదు గుర్రం చరిత్ర. పందెపు గుర్రాల వంశాల్ని రాసిపెట్టే జనరల్ స్టడ్ బుక్ ఇంగ్లండులో 1791లో మొదలయ్యింది. ఇవాళ ప్రపంచంలో ఉన్న ప్రతి థరోబ్రెడ్ గుర్రానికీ మగ వరస చూసుకుంటూ వెనక్కి పోతే మూడు గుర్రాల్లో ఏదో ఒకదానికి చేరాల్సిందే: బయర్లీ టర్క్, డార్లీ అరేబియన్, గొడాల్ఫిన్ అరేబియన్. మూడూ మూడొందల ఏళ్ళ కిందట తూర్పు దేశాల నుంచి తెచ్చిన మగ గుర్రాలు. పుస్తకంలో లేని గుర్రంతో కలిసి పుట్టిన పిల్లకి పందెంలో చోటు లేదు. చదువుతుంటే నాకు మనువు గుర్తొచ్చాడు. రక్తం కలవకూడదు, పుట్టుక రాసి ఉండాలి. మా అబ్బ నాయన పేరు మాకు తెలుసు. ఆయన నాయన పేరు జేజికి కూడా తెలియదు. అబ్బ కడిగిన గుర్రానికి పది తరాల పేర్లు అచ్చులో ఉన్నాయి.

కోర్టు కాగితాలు ఇంకో రకం. పేదోళ్ళు పందేల్లో కొంపలు పోగొట్టుకుంటున్నారని 1974లో కరుణానిధి ప్రభుత్వం గుర్రప్పందేలు రద్దు చేస్తూ చట్టం చేసింది. అంతకు ముందేడే చేత్తో లాగే రిక్షాలు రద్దు చేసింది. రిక్షాలు పోయాయి, పందేలు పోలేదు. సుప్రీంకోర్టులో స్టే వచ్చింది. 1986లో ఎం.జి.ఆర్. ప్రభుత్వం క్లబ్బునే స్వాధీనం చేసుకోవాలని ఇంకో చట్టం చేసింది. చివరికి 1996 జనవరి 12న సుప్రీంకోర్టు క్లబ్బు వైపు తీర్పిచ్చింది. గుర్రప్పందెం జూదం కాదు, నైపుణ్యం అంది. గుర్రానికిచ్చే శిక్షణ, జాకీ నేర్పు, పందెం కాసేవాడి అంచనా అన్నీ నైపుణ్యమేనంట. గుర్రం కాలు పట్టుకుని వేడి చూసి "ఈ రోజు ఇది పరిగెత్తదు" అని చెప్పేవాడు మా అబ్బ. చాలాసార్లు అట్లాగే జరిగేదంట. అది ఏ నైపుణ్యం కింద వస్తుందో తీర్పులో లేదు.

ఇక భూమి. మా కార్యకర్తలు ఇక్కడ కాస్త ఆగి చదవాలి. గిండీ మైదానం 160 ఎకరాల 86 సెంట్లు. 1945 ఏప్రిల్ నుంచి 2044 మార్చి దాకా లీజు. ఏడాదికి అద్దె 614 రూపాయల చిల్లర. ఎకరానికి నాలుగు రూపాయలు కూడా పడదు. 1970 నుంచి అద్దె పెంచితే కట్టలేదు. 2023 మార్చిలో మద్రాసు హైకోర్టు బకాయి 730 కోట్ల 86 లక్షలు కట్టమంది. ఏడాదిన్నర తర్వాత లీజు రద్దు, గేట్లకి సీలు. అదే 2024లో జూన్ నెలలో ఊటీ రేసు మైదానం 52 ఎకరాలు కూడా ప్రభుత్వం తీసుకుంది.

ఆ గిండీ ఒకప్పుడు చెంగల్పట్టు జిల్లా సైదాపేట తాలూకాలోది. ఆ జిల్లా కలెక్టరు ట్రెమెన్‌హీర్ 1891లో అక్కడి పరయల బతుకు మీద రిపోర్టు రాశాడు. భూమి లేకపోవడమే వాళ్ళ బానిసత్వానికి కారణం, భూమి ఇవ్వండి అన్నాడు. దాని మీద 1892లో ప్రభుత్వం ఉత్తర్వులిచ్చింది. తమిళనాట పంచమి భూములు అనేవి అవే. మద్రాసు రాష్ట్రం మొత్తంలో పన్నెండు లక్షల ఎకరాలని దళిత సంఘాలు చెప్తాయి. అందులో ఎక్కువ భాగం ఇతర కులాల చేతుల్లోకి పోయింది. 1994 అక్టోబరులో చెంగల్పట్టు జిల్లా కారణైలో పంచమి భూమి అడిగితే పోలీసు కాల్పుల్లో ఇద్దరు దళితులు చచ్చిపోయారు. ఒకే జిల్లాలో ఒక భూమికి నూరేళ్ళ లీజు, ఒక భూమికి తూటాలు.

మా అబ్బ అడిగింది ఇంత కూడా కాదు. లాయం వెనక గుడిసె వేసుకోవడానికి జాగా అడిగాడు. గుర్రాలకి జబ్బులొస్తాయని ఇవ్వలేదు. 1971 ప్రాంతంలో గుర్రం మోకాలి మీద తన్నింది. ట్రెయినరు బస్సు చార్జీలిచ్చి ఊరికి పొమ్మన్నాడు. పోయేటప్పుడు పడవ మీద పోయినోడు వచ్చేటప్పుడు బస్సులో వచ్చాడు, కుంటుకుంటా. తర్వాత ఉప్పు కొటార్లలో పని.

చిన్నప్పుడు నేనడిగాను, అబ్బా నువ్వు గుర్రం ఎక్కినావా అని. "ఎక్కలేదురా, పక్కన నడిచినా" అన్నాడు. ఇరవై మూడేళ్ళు రోజూ చెయ్యేసి రుద్దిన జంతువుని ఒక్కసారి కూడా ఎక్కలేదు. 2018 మార్చిలో గుజరాత్ భావనగర్ జిల్లాలో ఒక దళిత కుర్రాణ్ణి నరికి చంపారు. గుర్రం కొనుక్కుని స్వారీ చేస్తున్నాడనే చంపారని అతని నాయన చెప్పాడు. ఆ వార్త చదివిన రోజు అబ్బ మాట వేరేగా వినపడింది.

గిండీలో సీలు తర్వాత వరద నీళ్ళ కోసం కుంటలు తవ్వారు. 118 ఎకరాల్లో పార్కు పెడతామని ప్రభుత్వం చెప్పింది. పెట్టనీ, మంచిదే. పార్కులో పాత రేసుల గురించి ఒక పలక పెడితే దాని మీద గుర్రాల పేర్లుంటాయని కూడా నాకు తెలుసు.

అందుకని పోయినేడు ఒక నోటు పుస్తకం మొదలుపెట్టాను. రేసు పుస్తకంలో లాగే గళ్ళు కొట్టాను. మనిషి పేరు, నాయన, అమ్మ, ఊరు, చేసిన పని, ఎన్నేళ్ళు. కాలవ గట్టు ఊళ్ళ నుంచి నా దగ్గర చదివే పిల్లలు ఇళ్ళలో అడిగి తెస్తున్నారు. మద్రాసుకి పోయినోళ్ళు, రిక్షా లాగినోళ్ళు, వీధులు ఊడ్చినోళ్ళు. ముసిలోళ్ళు చాలామంది ముందు సిగ్గుపడతారు, ఆ పని చెప్పుకునేదేనా అని. రెండోసారి అడిగితే చెప్తారు.

జేజిని తనతో గడ్డి చెక్కినోళ్ళని చెప్పమన్నాను. గుర్రాల పేర్లు ఆమెకి నోరు తిరగవు, చుక్కది, తెల్లకాళ్ళది అంటుంది. ఆడోళ్ళని మాత్రం వేళ్ళ మీద లెక్కపెట్టింది. పదకొండు మంది. ఏడుగురి పేర్లు చెప్పింది. మిగతా నలుగురిని ఎంత ఆలోచించినా ఇస్కపల్లోళ్ళ కోడలు, కుంటి చెల్లమ్మ, కావలి పిల్ల, ఇంకొకామె ఎప్పుడూ చంకలో బిడ్డతో వచ్చేది, అనే చెప్పగలిగింది. ఆ మాటలే పేరు గడిలో రాశాను.