చివరి ద్వారం వెలుపల వెలుతురు: భవనాలలో అత్యవసర దీపాల నిబంధనలు

భవనంలో అగ్నిప్రమాదం సంభవించినపుడు విద్యుత్ సరఫరా తరచుగా ఆగిపోతుంది. మంటలకు తీగలు దెబ్బతినడం ఒక కారణం కాగా, సహాయక చర్యలు చేపట్టే సిబ్బంది రక్షణ కోసం సరఫరాను నిలిపివేయడం మరొక కారణం. అందుచేతనే, లోపలివారు వెలుపలికి రావలసిన మార్గమంతటా సాధారణ దీపాలతో సంబంధం లేని ప్రత్యేక వనరుపై వెలిగే అత్యవసర దీపాలు ఉండాలని జాతీయ భవన నిర్మాణ స్మృతి నిర్దేశిస్తున్నది.

1970లో మొదటిసారి వెలువడిన ఈ స్మృతిని భారతీయ ప్రమాణాల సంస్థ 2016లో సవరించి ప్రచురించింది. అగ్ని, ప్రాణ రక్షణకు సంబంధించిన నాలుగవ భాగంలో అత్యవసర దీపాలు ఎక్కడెక్కడ ఉండవలెనో వివరంగా పేర్కొన్నారు. నడవాలు కలిసే చోట, మలుపుల వద్ద, మెట్ల ప్రతి వరుసపై నేరుగా వెలుతురు పడేటట్లు, నేల ఎత్తు మారే చోట, అగ్నిమాపక పరికరాల చెంత ఇవి అవసరం. ఈ పట్టికలో సులువుగా విస్మరణకు గురయ్యే అంశం మరొకటి కలదు. భవనం నుండి బయటపడే ప్రతి చివరి ద్వారం వెలుపల, దానికి చేరువలోనే ఒక దీపం ఉండవలెను. చేరువ అనగా సాధారణంగా 2 మీటర్ల లోపు అడ్డదూరమని స్మృతి అర్థం చెప్పినది.

ద్వారం దాటితే ప్రమాదం దాటినట్లేనన్న భావన సరికాదు. గుమ్మం అవతల రెండు మూడు మెట్లో, సెల్లారుకు దిగే వాలుదారో, మూత లేని మురుగు కాలువో ఉండవచ్చును. వెలుతురులో నుండి ఒక్కసారిగా చీకటిలోకి అడుగుపెట్టిన వ్యక్తికి క్షణకాలం ఏమీ కానరాదు, సహజంగానే అతడు ఆగిపోతాడు. ముందరివాడు ఆగితే వెనుక మెట్లపై వచ్చే జనమంతా ఆగవలసిందే. తడబడి పడిపోతే తొక్కిసలాటకు దారి తీయవచ్చును. పైగా అగ్నిమాపక సిబ్బందికి ద్వారం ఎక్కడున్నదో దూరం నుండి తెలియజేసేది కూడా ఆ దీపమే.

సాధారణ సరఫరా ఆగిన వెంటనే అత్యవసర దీపాలు వెలగాలి. కనీసం 90 నిమిషాలు నిరంతరాయంగా పనిచేయాలి, ఈ కాలపరిమితి ఎంత చిన్న భవనానికైనా వర్తిస్తుంది. మార్గం మధ్యరేఖపై నేలమట్టంలో వెలుతురు 10 లక్స్‌కు తగ్గరాదు. ఏ ఒక్క దీపం చెడిపోయినా మొత్తం ఏర్పాటు కుంటుపడని విధంగా రూపకల్పన జరగాలి. డీజిల్ జనరేటర్ అందుకొని సరఫరా ఇచ్చేందుకు కొన్ని సెకన్లు పడుతుంది కనుక, బ్యాటరీ లేకుండా దానిపైనే ఆధారపడితే మొదటి నియమమే నెరవేరదు. ఆవరణలోని వీధి దీపాలను చూపి వెలుపలి దీపం ఉన్నదనడమూ చెల్లదు. అవి భవనపు మెయిన్‌కే కలిపి ఉంటే దానితోపాటే ఆరిపోతాయి.

1997 జూన్ 13న ఢిల్లీలోని ఉపహార్ సినిమా హాలులో ప్రదర్శన జరుగుతుండగా సంభవించిన అగ్నిప్రమాదంలో 59 మంది మరణించారు. కింది అంతస్తులోని ట్రాన్స్‌ఫార్మర్ వద్ద పుట్టిన పొగ బాల్కనీని కమ్మివేసింది. అత్యవసర దీపాలు లేకపోవడం న్యాయస్థానాల విచారణలో ప్రస్తావనకు వచ్చింది. పగటి వేళ లోపలి చీకటే అంతటి విషాదానికి తోడ్పడగా, రాత్రివేళ ద్వారం వెలుపల కూడా చీకటే ఉంటుంది.

జాతీయ స్మృతి స్వతహాగా సిఫారసు పత్రం మాత్రమే. రాష్ట్రాల నిబంధనల ద్వారానే దానికి చట్టబలం చేకూరుతుంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1999 నాటి అగ్నిమాపక సేవల చట్టం, 2012 ఏప్రిల్ 7న జీ.ఓ. ఎం.ఎస్. నం. 168 ద్వారా జారీ అయిన భవన నిబంధనలు ఇందుకు ఆధారమయ్యాయి. విభజన అనంతరం ఆంధ్రప్రదేశ్ 2017లో నూతన భవన నిబంధనలను జారీ చేసింది.

పగటి తనిఖీలో ఈ లోపం కంటికి ఆనదు. చీకటి పడిన పిమ్మట మెయిన్ ఆపించి, చివరి ద్వారం వెలుపల నిలబడి చూసినపుడే అసలు స్థితి తెలుస్తుంది. దీపం వెలిగినంత మాత్రాన సరిపోదు, 90 నిమిషాలు నిలిచినదా అన్నది కూడా గడియారం చూసి నమోదు చేయాలి. ఆరుబయట ఉండే దీపం ఎండకు, వానకు తట్టుకొనేదై ఉండాలి. ఎండ వేడిమికి బ్యాటరీ సామర్థ్యం త్వరగా తగ్గుతుంది కనుక, వేసవి ముగిసిన తరువాత ఒకమారు ఈ పరీక్ష జరిపించడం అవసరం.