ఫుట్‌బాలు ప్రసారముల గుత్త

ఒక జాతి దేనికి ధనము వెచ్చించుచున్నదో పరిశీలించినచో దాని యభిరుచులు తెలియును. ఆ ధన మెవరి చేతికి జేరుచున్నదో పరిశీలించినచో దాని వ్యవస్థ తెలియును. ఇంగ్లండు దేశమున ఫుట్‌బాలు ఆటను ఇంటనుండి చూచుటకై జనులు చెల్లించుచున్న చందాల చరిత్రమునందు ఈ రెండును కాన్పించుచున్నవి. పైకి వినోదవిషయముగా దోచు నీ కథయందు గంభీరమైన ప్రశ్న యొకటి యిమిడియున్నది. వేలకొలది జనులు తరతరములుగా పెంచుకొనిన ఉమ్మడి వేడుకను ఒక సంస్థ కొని, తలుపు మూసి, నెలనెలకు రుసుము గైకొని తెఱచుట న్యాయమా? ఈ ప్రశ్నకు సమాధానము వెదకుటకై మేమా చరిత్రమును క్రమముగా జెప్పదలచితిమి.

ఆటను ధనమిచ్చి చూచుట క్రొత్త గాదు. 1885లో ఇంగ్లండు ఫుట్‌బాలు సంఘము ఆటగాండ్రు వేతనము పుచ్చుకొనుట కంగీకరించెను. 1888లో పండ్రెండు క్లబ్బులు కూడి ఫుట్‌బాలు లీగును స్థాపించెను. శనివారము మధ్యాహ్నమునకు మిల్లులలోను కర్మాగారములలోను పని ముగించుకొని వచ్చు కూలిజనమే యా క్లబ్బులకు పోషకులు. వారు ద్వారముకడ చిల్లర నాణెములు చెల్లించి లోనికి బోయెడివారు. ఆ రుసుము కూలివాని శక్తికి మించినది కాదు. చెల్లించినవాడు తన యూరి క్లబ్బునే పోషించుచున్నానని యెఱిగియుండెను. అంతియకాదు, 1983 వఱకు లీగు ఆటల వసూలులో కొంతభాగము అతిథిగా వచ్చిన క్లబ్బునకును ముట్టుచుండెను. పెద్ద క్లబ్బు గేటుకడ జేరిన ధనములో చిన్న క్లబ్బునకు బాలుండుట వలన పేదయూళ్ల జట్లు సైతము బ్రతికినవి.

1927 జనవరి 22న బి.బి.సి. సంస్థ లండనునందలి హైబరీ మైదానమునుండి ఆర్సెనలు, షెఫీల్డు యునైటెడు జట్ల యాటను రేడియోద్వారా వినిపించెను. బంతి యెచ్చట నున్నదో శ్రోతలు గ్రహించుటకై మైదానమును గళ్లుగా విభజించిన పటమును రేడియో టైమ్సు పత్రిక ప్రచురించెను. 1937 సెప్టెంబరు 16న అదే మైదానమునుండి టెలివిజన్ మొదటిసారి ఫుట్‌బాలును చూపెను. మఱుసటి సంవత్సరము కప్పు అంతిమపోటీ పూర్తిగా ప్రసారమయ్యెను. అప్పుడు క్లబ్బుల యజమానులకు భయము పుట్టెను. ఇంట ఊరక దొరకుదానికై చలిలో నిలువబడుటకు ఎవరు వత్తురని వారి యాందోళనము. 1960 సెప్టెంబరు 10న ఐ.టి.వి. సంస్థ బ్లాక్‌పూలు, బోల్టను జట్ల లీగు ఆటను ప్రత్యక్షముగా చూపినను, క్లబ్బుల విముఖతచే ఆ యేర్పాటు సాగలేదు. శనివారము మధ్యాహ్నము 2.45 మొదలు 5.15 వఱకు ప్రత్యక్షప్రసారములు కూడదను నియమ మీ భయమునుండియే పుట్టినది. 2025లో ఆరంభమైన ఒడంబడికయందును అది నిలిచియున్నది. 1964 మొదలు బి.బి.సి. రాత్రివేళ ముఖ్యఘట్టములను చూపుచు వచ్చెను. లీగు ఆటలు ప్రత్యక్షముగా చూపబడుట 1983లోగాని స్థిరపడలేదు.

ఇంతలో ఘోరమైన విపత్తు సంభవించినది. 1989 ఏప్రిలు 15న షెఫీల్డు నగరమందలి హిల్స్‌బరో మైదానమున జనుల యొత్తిడిచే నలిగి 97 మంది ప్రాణములు గోల్పోయిరి. 1990 నాటి టైలరు న్యాయమూర్తి నివేదిక ప్రకారము పెద్ద మైదానములలో ప్రేక్షకులందఱికిని కూర్చుండుటకు ఆసనము లేర్పఱుపవలసివచ్చెను. క్లబ్బులకు అపారమైన ధనము కావలసెను. అదే కాలమున 1989లో ప్రారంభమైన స్కై అను ఉపగ్రహ టెలివిజన్ సంస్థ, తన పోటీదారుతో 1990లో కలిసిపోయినను, నష్టములలో మునిగియుండెను. దానికి చందాదారులు కావలసిరి. ఈ రెండక్కఱలును 1992లో కలిసికొనెను. పెద్ద క్లబ్బులు ఇరువదిరెండు పాత లీగును విడిచి ప్రీమియరు లీగుగా ఏర్పడి, అయిదేండ్ల ప్రసారహక్కులను స్కై, బి.బి.సి.లకు 30 కోట్ల 40 లక్షల పౌండ్ల యొడంబడికచే నిచ్చెను. అంతకు ముందు ఐ.టి.వి. నాలుగేండ్లకు చెల్లించినది 4 కోట్ల 40 లక్షలే. ముఖ్యఘట్టములు బి.బి.సి.కి దక్కెను, ప్రత్యక్షప్రసారము మాత్రము స్కైకి జేరెను. 1992 ఆగస్టు 16న నాటింగ్‌హాం ఫారెస్టు, లివర్‌పూలు జట్ల యాటతో నూతనయుగ మారంభమయ్యెను. నాటినుండి ఇంటికప్పుపై పళ్లెమువంటి యాంటెన్నాయు, చేత చందా రసీదును లేని కుటుంబమునకు లీగు ఆటల ప్రత్యక్షదర్శనము దుర్లభమైపోయెను.

ఈ మార్పు పూర్తిగా చెడ్డదని మేము చెప్పము. మైదానములు సురక్షితములైనవి. స్వదేశ ప్రసారధనములో సగము క్లబ్బులన్నింటికి సమానముగను, పాతికవంతు జయాపజయముల ననుసరించియు, మిగిలిన పాతికవంతు ప్రసారమైన ఆటల సంఖ్య ననుసరించియు పంచవలెనని నియమించిరి. సమభాగమను పాత ధర్మము కొంతవఱకైనను నిలిచినది. కాని ఆ ధర్మము ప్రీమియరు లీగు గోడల లోపలనే నిలిచినది. వెలుపలి క్లబ్బులకు పూర్వపు పాలు దక్కలేదు.

మన దేశమున రేవుపాట యెట్టిదో చదువరులకు విశదమే. నది యందఱిది, దాటవలసిన యక్కఱయు నందఱిది. రేవును వేలమున పాడుకొనిన గుత్తదారు తాను చెల్లించిన పాటసొమ్మును పడవ యెక్కువారినుండియే రాబట్టుకొనును. పాట పెరిగినకొలది కూలియు పెరుగును. వేఱు రేవు లేకుండుటచే బాటసారి బేరమాడలేడు. ప్రసారహక్కుల వేలమును సరిగా నిట్టిదే. 1997 మొదలు నాలుగేండ్లకు ఆ హక్కులు 67 కోట్ల పౌండ్లకు పోయెను. 2025 మొదలు నాలుగేండ్లకు 670 కోట్ల పౌండ్లకు పోయినవి. ఇరువదియెనిమిదేండ్లలో పాట పదిరెట్లయ్యెను. ఇప్పుడు చూపబడు ఆటల సంఖ్యయు హెచ్చినదను మాట నిజమే. కాని కూలివాని వేతనము పదిరెట్లు కాలేదు.

ప్రభుత్వములు ఈ గుత్తను గమనింపక పోలేదు. ఐరోపా కమిషను పట్టుబట్టుటచే, హక్కులన్నియు ఒక్క సంస్థకే అమ్మరాదని 2006లో నిర్ణయమయ్యెను. 2007 మొదలు ఏటికి 92 ఆటలు స్కైకిని, 46 ఆటలు సెటాంటా అను మఱొక సంస్థకును జేరినవి. పోటీ వచ్చినది గనుక వెల తగ్గునని పెక్కుమంది తలంచిరి. జరిగినది విపరీతము. పోటీ యనగా ఒకే సరకును ఇద్దఱు అమ్ముట. ఇచ్చట ఇద్దఱును వేర్వేరు ఆటలను అమ్మిరి. ఒకే రేవును సోమవారము ఒకనికి, మంగళవారము మఱొకనికి గుత్త కిచ్చినచో బాటసారికి లాభమేమి? ప్రతిదినము దాటవలసినవాడు ఇద్దఱికిని చెల్లించుకొనవలసినదే. తన జట్టు ఆట నెవరు చూపుదురో తెలియని యభిమాని రెండు చందాలు కట్టెను. 2009లో సెటాంటా కూలిపోగా ఆ స్థానమునకు వేఱొకరును, 2013లో బి.టి. సంస్థయు వచ్చెను. 2019 డిసెంబరులో అమెజాను సంస్థ ఏటికి ఇరువది ఆటలను అంతర్జాలము ద్వారా స్ట్రీమింగు పద్ధతిని చూపుట కారంభించెను; అది 2025 వఱకు సాగెను. ఆ యేండ్లలో అన్ని ప్రసారములను చూడగోరువానికి మూడు చందా లవసరమయ్యెను. పోటీవలన లాభము హక్కుల నమ్మువారికి గలిగెను, చూచువారికి గాదు.

ఇట్టి ధనముపై నాధారపడుట క్లబ్బులకును క్షేమకరము గాదని చరిత్రము చూపుచున్నది. ఐ.టి.వి. డిజిటలు అను చందాసంస్థ ఫుట్‌బాలు లీగునకు మూడేండ్లకు 31 కోట్ల 50 లక్షల పౌండ్లిత్తునని 2001లో ఆటలు చూపనారంభించి, 2002లోనే దివాలా తీసెను. రానున్న ధనమును నమ్మి ఆటగాండ్రకు వేతనములు ఒప్పుకొనిన చిన్న క్లబ్బులు అప్పులపాలైనవి. ఫ్రాన్సు దేశమున 2018లో మీడియాప్రో అను సంస్థ గొప్ప పాట పాడి అధికభాగము హక్కులను గైకొని, 2020 అక్టోబరులో వాయిదా చెల్లింపక చేతులెత్తినది. 2024లో అచ్చట డాజోన్ అను స్ట్రీమింగు సంస్థ వచ్చి, సంవత్సరకాలము కట్టుబడియుండువారికి నెలకు 29.99 యూరోలు, లేనివారికి 39.99 యూరోలు వెల పెట్టెను. జనులు ముఖము చాటుచేసిరి. ఒక్క సంవత్సరములోనే ఆ యొడంబడిక ముగిసినది. 2025 ఆగస్టులో లీగు తానే స్వయముగా ప్రసారము నారంభించి 14.99 యూరోలు వెల నిర్ణయించెను. చూచువారు కూడి నిరాకరించినప్పుడు గుత్తయు దిగివచ్చునని దీనివలన తెలియుచున్నది.

దీనికంటె గొప్ప నిదర్శనము ఇంగ్లండులోనే గలదు. 2020లో మహమ్మారిచే మైదానముల తలుపులు మూతపడగా, అక్టోబరు మాసమున ప్రీమియరు లీగు కొన్ని ఆటలను ఒక్కొక్కటి 14.95 పౌండ్లకు అమ్మజూచెను. చందాలకు పైగా నిది వేఱు. పనులుపోయి జనులు బాధపడుచున్న కాలమది. న్యూకాసిలు మొదలగు నగరముల యభిమానులు ఆ యాటలను కొనక, ఆ సొమ్మును ఆకలిగొన్నవారికి ఆహారము పంచు నిలయములకు సమర్పించిరి. ఒకరిని జూచి యొకరు, జట్లు వేఱైనను, ఈ మార్గము ద్రొక్కిరి. మఱుసటి మాసముననే లీగు ఆ పద్ధతిని విడనాడెను. కోపమును దానముగా మార్చిన ఆ కార్యము ఏ సంస్కారోద్యమమునకైనను తగియున్నది.

ఇక శాసనముల మాట. ఇంగ్లండులో 1996 నాటి ప్రసారశాసనము ప్రపంచకప్పు, ఐరోపా కప్పు, స్వదేశపు కప్పు అంతిమపోటీ మొదలగువానిని చందా లేనివారికిని అందుబాటులో నుంచవలసిన ఘట్టములుగా రక్షించినది. మన దేశమున 1995లో సుప్రీముకోర్టు వాయుతరంగములు ప్రజల యాస్తియని తీర్పు చెప్పెను. ఆ వివాదము క్రికెటు ప్రసారమును గూర్చి పుట్టినదే. 2007 నాటి శాసనము జాతీయప్రాముఖ్యముగల క్రీడల ప్రసారమును ప్రసారభారతితో పంచుకొనవలెనని విధించెను. ప్రతి ఆటయు ఉచితముగా నుండవలెనని యీ శాసనములు చెప్పలేదు. జాతి యంతయు చూడదగిన కొన్ని ఘట్టములకు తలుపు మూయరాదని మాత్రమే చెప్పినవి.

తలుపు తెఱచినచో నేమగునో స్త్రీల ఫుట్‌బాలు చెప్పుచున్నది. 1920లో లివర్‌పూలు నగరమున స్త్రీల యాటను చూడ 53 వేలమంది వచ్చిరి. మఱుసటి డిసెంబరులో ఫుట్‌బాలు సంఘము ఆ యాట స్త్రీలకు దగదని తన క్లబ్బుల మైదానములను వారికి నిషేధించెను. అర్ధశతాబ్దమువఱకు ఆ నిషేధము తొలగలేదు. 2022 జులైలో ఇంగ్లండు స్త్రీలు ఐరోపా కప్పు గెలిచినప్పుడు బి.బి.సి.లో ఊరక చూచినవారి సంఖ్య ఒక దశలో 1 కోటి 74 లక్షలు. చందా కట్టి చూడవలసియుండిన, అంతవఱకు స్త్రీల యాట నెన్నడును చూడని గృహములలో నెన్ని చూచియుండెడివి? దీనికి ప్రతిగా క్రికెటును చూడుడు. 2005లో యాషెస్ పోటీలు ఉచితముగా ప్రసారము కాగా ఒక దశలో 84 లక్షలమంది చూచిరి. 2009లో అవియే చందా వెనుకకు బోగా, గరిష్ఠముగా చూచినవారు ఇరువది లక్షలకు లోపే. తెలియనివాడు అభిరుచి కలుగకముందు వెల చెల్లింపడు. కావున అన్ని ఘట్టములను తాళమువేసిన ఆట నేడు ధనము గడించినను రేపటి బాలబాలికలను గోల్పోవును.

ఆట లేకున్న ప్రాణము పోదు గదా, ఇష్టములేనివాడు కొనకుండునని కొందఱనవచ్చును. ఆటగాని శ్రమకు వెల గలదు, ప్రసారమునకు వ్యయము గలదు. చెల్లింపక దొంగచాటుగా చూచుటను మేము సమర్థింపము. కాని ఈ సరకునకు మఱొక లక్షణము గలదు. తన యూరి జట్టును ప్రేమించువానికి వేఱొక జట్టు బదులు గాదు. ఆ ప్రేమను తాతతండ్రులు సంపాదించి యిచ్చిరి. గుత్తదారు దానిని సృజింపలేదు. తాను సృజింపనిదానిపై వెల కట్టువానికి కొన్ని హద్దులుండుట న్యాయము.

మా పత్రికకును చందా గలదు. అయినను ఒక యింటికి వచ్చిన సంచిక పది యిండ్లు తిరిగి, చిరుగువఱకు చదువబడుచున్నది. దానికి మేము సంతసింతుము. క్రీడాప్రసారములకు నిట్టి యుదారత కొంత యవసరము. ప్రతి లీగును వారమున కొక యాటనైన అందఱికిని ఉచితముగా చూపుట, హక్కులను భాగించునప్పుడు చూచువాని మొత్తపు వ్యయమును లెక్కించుట, వేలమునకు ముందు అభిమానుల సంఘములతో నాలోచించుట అసాధ్యములు గావు. జర్మనీ దేశమున 2024 ఫిబ్రవరిలో, అభిమానులు మైదానములలో టెన్నిసుబంతులు విసరి యాటల నాపగా, లీగు ప్రసారవ్యాపారములో పెట్టుబడిదారులకు భాగ మమ్ముటను మానుకొనెను. గృహస్థులు చేయదగినదియు గలదు. ఒక్కొక్క చందా స్వల్పముగా దోచినను, అన్నింటిని కూడి సంవత్సరమునకు లెక్కవేసి, పొరుగువారితో గలిసి చూడదగినది కలిసి చూచి, తగనిదానిని నిరాకరింతురుగాక. పడవకూలి యన్యాయమైనప్పుడు ఊరంతయు గట్టున నిలిచిన, గుత్తదారు తానే దిగివచ్చును.