అరమిడ్ పోగుల చరిత్ర: ఆరోమాటిక్ పాలిమర్ల పరిశోధనలో ఒక అధ్యాయం

వ్యాససంగ్రహం:
ఉక్కుకన్నా తేలికై, బరువుతో పోల్చినప్పుడు ఉక్కుకు అయిదింతల బలం గల పోగుగా కెవ్లార్ ప్రసిద్ధం. దాని పుట్టుకను ఒక్క వ్యక్తికి, ఒక్క రోజున తటస్థించిన అదృష్టంగా చెప్పడం పరిపాటి. నైలాన్ నుంచి నోమెక్స్, కెవ్లార్, జైలాన్ వరకు సాగిన పరిశోధనను కాలక్రమంలో పరిశీలించి, ఆ కథనం ఎంతవరకు నిలుస్తుందో నిర్ణయించడం ఈ వ్యాసం ఉద్దేశం. ఈ పరిశోధనకు మొదటి నుంచి చివరి వరకు అడ్డుగా నిలిచినది పాలిమర్‌ను కరిగించే ద్రావణి సమస్యే అని ఇందులో ప్రతిపాదించడం జరిగింది.

ముఖ్యపదాలు: ఆరోమాటిక్ పాలిమర్, అరమిడ్, నోమెక్స్, కెవ్లార్, ద్రవస్ఫటికం, ద్రావణి.

1. ఉపోద్ఘాతం:
రసాయనశాస్త్రంలో 'ఆరోమాటిక్' అనే మాటకు నేడు వాసనతో సంబంధం లేదు. 1825లో మైకేల్ ఫారడే దీపాల గ్యాసు తయారీలో మిగిలిన నూనె నుంచి బెంజీన్‌ను వేరుచేశాడు. 1865లో కెకూలే దానికి ఆరు కార్బన్ల వలయ నిర్మాణాన్ని ప్రతిపాదించాడు. ఈ కుటుంబానికి చెందిన పదార్థాలలో తొలుత గుర్తించినవి కొన్ని పరిమళభరితాలు కావడంతో ఆ పేరు వచ్చింది. తరువాత నిర్వచనం వాసన నుంచి వలయ నిర్మాణానికి మారినా పేరు మాత్రం మారలేదు. 'సుగంధ పాలిమర్లు' అని తెనిగిస్తే చదువరి అత్తరుల వైపు పోయే ప్రమాదముంది. అందువల్ల ఈ వ్యాసంలో 'ఆరోమాటిక్' అన్న మాటనే గ్రహించడమైంది.

బెంజీన్ వలయం గట్టిది, చదునైనది, వేడికి త్వరగా చెదరనిది. అటువంటి వలయాలను గొలుసుగా కూర్చితే ఆ గుణాలు గొలుసుకూ వస్తాయి. ఆ గొలుసును పోగుగా తీయడానికి మాత్రం చాలా కాలం పట్టింది.

2. నైలాన్ నేర్పిన పాఠం:
1920లో హెర్మన్ స్టౌడింగర్ రబ్బరు, పిండిపదార్థం వంటివి పొడవైన బృహదణువులని వాదించినప్పుడు సమకాలికులలో అనేకులు అంగీకరించలేదు. ఆ కృషికి ఆయనకు నోబెల్ బహుమతి 1953లో గాని రాలేదు. ఈలోగా అమెరికాలోని డ్యూపాంట్ సంస్థలో 1928లో చేరిన వాలెస్ కరోథర్స్, చిన్న అణువులను ఒకదానికొకటి అతికించి బృహదణువులను నిర్మించే పద్ధతిని రూపొందించాడు. 1935లో అతని బృందం నైలాన్‌ను తయారుచేసింది. 1937లో అతడు ఆత్మహత్య చేసుకున్నాడు. నైలాన్ మేజోళ్లు 1940లో అమెరికా అంతటా అమ్మకానికి వచ్చేనాటికి అతడు లేడు.

నైలాన్ గొలుసులో అమైడ్ బంధాల నడుమ మెత్తగా వంగే కార్బన్ తీగలుంటాయి. అందువల్ల అది కరుగుతుంది, సాగుతుంది. కరిగిన నైలాన్‌ను సన్నని రంధ్రాల గుండా నొక్కితే పోగులు వస్తాయి. ఈ పనిముట్టును స్పిన్నరెట్ అంటారు. మన వంటింటి జంతికల గొట్టం పనిచేసే తీరే దీనిదీ. అయితే ఏ మెత్తదనం వల్ల నైలాన్ పోగు సులువుగా వచ్చిందో, ఆ మెత్తదనమే దాని బలానికీ వేడిని తట్టుకునే శక్తికీ హద్దు అయింది. ఆ తీగల స్థానంలో బెంజీన్ వలయాలను పెడితే ఏమవుతుందన్నది తరువాతి తరం ప్రశ్న.

3. కరగని పదార్థం - నోమెక్స్:
వలయాలతో కూర్చిన పాలిఅమైడ్‌ను వేడిచేస్తే కరగడానికి ముందే విచ్ఛిన్నమవుతుంది. కాబట్టి కరిగించి కలిపే నైలాన్ పద్ధతి ఇక్కడ చెల్లదు. దీనికి పరిష్కారం డ్యూపాంట్‌లోనే పాల్ మోర్గాన్, స్టెఫనీ క్వోలెక్ మొదలైనవారి కృషితో లభించింది. చురుకైన ఆమ్ల క్లోరైడ్‌ను ఒక ద్రవంలో, డైఅమీన్‌ను నీటిలో ఉంచి, ఆ రెండూ తాకే అంచున గది ఉష్ణోగ్రత వద్దనే పాలిమర్‌ను పుట్టించవచ్చునని వారు చూపారు. 1959లో మోర్గాన్, క్వోలెక్ ప్రచురించిన 'నైలాన్ తాడు' ప్రదర్శన ఈ సూత్రం మీద ఆధారపడినదే. బీకరులోని రెండు ద్రవాల సరిహద్దు నుంచి తాడును పైకి లాగే ఆ ప్రయోగాన్ని నేటికీ తరగతి గదులలో చూపుతున్నారు.

తక్కువ ఉష్ణోగ్రతలో పాలిమర్‌ను తయారుచేసే ఈ మార్గమే నోమెక్స్‌కు దారితీసింది. ఇందులో బెంజీన్ వలయానికి బంధాలు 'మెటా' స్థానాలలో, అంటే ఎదురెదురుగా కాక పక్కవాటుగా ఉంటాయి. అందువల్ల గొలుసు వంకరటింకరగా సాగుతుంది, ఆ వంకరల వల్లనే ద్రావణిలో కరుగుతుంది. 1967లో విపణిలోకి వచ్చిన నోమెక్స్ మంటలో కరిగి ఒంటికి అతుక్కోదు, బొగ్గై మందంగా నిలుస్తుంది. అగ్నిమాపక సిబ్బంది దుస్తులకు, విద్యుత్ ట్రాన్స్‌ఫార్మర్ల నిరోధక కాగితానికి అది వాడుకలోకి రావడానికి ఇదే కారణం. వేడి సమస్య తీరింది, బలం సమస్య మిగిలింది.

4. మసక ద్రావణం:
స్టెఫనీ క్వోలెక్ 1923లో పెన్సిల్వేనియా రాష్ట్రంలోని న్యూ కెన్సింగ్టన్‌లో పోలిష్ వలస కుటుంబంలో పుట్టింది. 1946లో రసాయనశాస్త్ర పట్టం పొంది, వైద్యవిద్యకు డబ్బు కూడబెట్టుకోవాలని డ్యూపాంట్‌లో చేరింది. ఆ పరిశోధన మీద ఆసక్తి పెరిగి, వైద్యవిద్య ఊసే విడిచింది.

1964లో ఆమె బృందానికి అప్పగించిన పని వాహనాల టైర్లకు సంబంధించినది. పెట్రోలు కొరత రావచ్చునన్న అంచనాతో, టైరులోని ఉక్కు తీగకు బదులు తేలికైన పోగు కోసం అన్వేషణ మొదలైంది. క్వోలెక్ బంధాలు ఎదురెదురుగా, అంటే 'పారా' స్థానాలలో ఉండే పాలిఅమైడ్లను ఎంచుకున్నది. వీటి గొలుసులు వంకర లేని కర్రల వంటివి. అలాంటి ఒక పాలిమర్‌ను కరిగించినప్పుడు వచ్చిన ద్రావణం తేనెలా చిక్కగా, తేటగా ఉండవలసింది. కాని పల్చగా, మజ్జిగలా మసకగా ఉండి, కలిపినప్పుడు ముత్యపు మెరుపు చూపింది.

అలాంటి ద్రావణాన్ని పారబోయడం ప్రయోగశాలల్లో సహజం. కరగని నలుసులున్నాయేమోనని క్వోలెక్ దానిని వడకట్టి చూసింది. మసక పోలేదు. రంధ్రాలు మూసుకుపోతాయని పోగు తీసే యంత్రం చూసే సహోద్యోగి మొదట నిరాకరించాడు. ఆమె పట్టువిడవక ఒప్పించింది. వచ్చిన పోగు నైలాన్ పోగులా తెగలేదు. పరీక్షాఫలితాలు నమ్మశక్యంగా లేకపోవడంతో ఆమె పలుమార్లు పరీక్ష చేయించిన తరువాతనే పైవారికి చెప్పింది.

ఆ మసకకు కారణం మురికి కాదు, క్రమం. కర్రల వంటి అణువులు ద్రావణంలో ఒక గాఢత దాటితే, నదిలో తేలివచ్చే దుంగల్లా ఒకే దిశకు తిరిగి వరుసకడతాయి. ఇదే ద్రవస్ఫటిక స్థితి. 1888లో రైనిట్జర్ ద్రవస్ఫటికాలను గమనించాడు. కర్రలవంటి అణువులు ఇలా వరుసకట్టగలవని 1949లో ఆన్సాగర్, 1956లో ఫ్లోరీ సిద్ధాంతరీత్యా చూపారు. ముందే వరుసకట్టిన అణువులు రంధ్రం గుండా వెళ్లినప్పుడు పోగు పొడవునా నిలిచిపోతాయి. పక్కపక్క గొలుసులను హైడ్రోజన్ బంధాలు కట్టివుంచుతాయి. పోగు బలమంతా అక్కడిదే. సిద్ధాంతం సూచించిన స్థితిని పోగుకు పనికొచ్చే పాలిఅమైడ్‌లో గుర్తించి, దానిని వడికించడం క్వోలెక్ ఘనత.

5. ప్రయోగశాల నుంచి కర్మాగారానికి:
క్వోలెక్ తొలి పాలిమర్‌కు కావలసిన ముడిపదార్థం ఖరీదైనది. అందువల్ల సంస్థ పారా-ఫినిలిన్ డైఅమీన్, టెరెఫ్తలాయిల్ క్లోరైడ్‌ల నుంచి వచ్చే మరొక పాలిమర్‌ను స్వీకరించింది. అది చవకైనదే గాని మామూలు ద్రావణులకు లొంగదు. గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లంలో మాత్రమే తగినంతగా కరుగుతుంది. హెర్బర్ట్ బ్లేడ్స్ ఆ వేడి ద్రావణాన్ని స్పిన్నరెట్ నుంచి నేరుగా నీటిలోకి కాక, కొద్దిపాటి గాలి ఎడం గుండా చల్లని నీటిలోకి దింపే పద్ధతిని కనుగొన్నాడు. గాలిలో పోగు సాగి అణువులు మరింత వరుసకడతాయి, నీటిలో ఆమ్లం వదలిపోతుంది. ఈ పద్ధతి లేనిదే కెవ్లార్ వ్యాపార సరుకు అయ్యేది కాదు. క్వోలెక్ పేటెంటు 1972లోను, బ్లేడ్స్ పేటెంటు 1973లోను వెలువడ్డాయి.

మరొక ద్రావణి కథ ఇంకా తీవ్రమైనది. పాలిమర్‌ను తయారుచేసే దశలో మొదట వాడిన హెక్సామిథైల్ ఫాస్ఫరమైడ్‌ను పీల్చిన ఎలుకలకు ముక్కులో కణుతులు వస్తున్నట్లు 1975లో డ్యూపాంట్ శాస్త్రజ్ఞులే వెల్లడించారు. ఇతరుల ప్రాణం కాపాడవలసిన పోగు, దానిని తయారుచేసే కార్మికుని ప్రాణానికి ముప్పు కావచ్చునన్న సంగతి అప్పుడు బయటపడింది. దానికి బదులు వాడదగిన ద్రావణి విషయంలో నెదర్లాండ్స్‌కు చెందిన అక్జో సంస్థకు పేటెంటు ఉండేది. ట్వారాన్ పేరుతో ఇదే జాతి పోగును అప్పట్లో తయారుచేసిన ఆ సంస్థకూ డ్యూపాంట్‌కూ అనేక దేశాల్లో వ్యాజ్యాలు నడిచి, 1988లో రాజీతో ముగిశాయి. 'అరమిడ్' అన్న జాతినామాన్ని అమెరికా వాణిజ్య సంస్థ 1974లోనే గుర్తించింది.

6. ఉపయోగాలు:
ఏ టైరు కోసం కెవ్లార్ పుట్టిందో అక్కడ ఉక్కుదే పైచేయిగా మిగిలింది. ఊహించని చోట్ల కెవ్లార్ నిలిచింది. అమెరికా న్యాయశాఖకు చెందిన లెస్టర్ షూబిన్ చొరవతో దీని నేతను పొరలుగా పేర్చిన రక్షణ కవచాలు పోలీసులకు అందాయి. 1975 డిసెంబరులో సియాటిల్‌లో తుపాకి దెబ్బ తిన్న ఒక పోలీసు ప్రాణాన్ని ఆ కవచం కాపాడింది. తాళ్లు, ఆప్టికల్ ఫైబర్ కేబుళ్లు, చేతి తొడుగులు, ఆస్‌బెస్టాస్‌కు బదులుగా బ్రేకు పలకలు దీని ఇతర ఉపయోగాలు. శ్రీహరికోట నుంచి ఎగిరే పి.ఎస్.ఎల్.వి. రాకెట్టు మూడవ దశ ఘన ఇంధన మోటారు తొడుగు కూడా కెవ్లార్ పోగుతో చుట్టినదే.

పరిమితులూ ఉన్నాయి. లాగినప్పుడు చూపే బలం నొక్కినప్పుడు ఈ పోగుకు లేదు. అతినీలలోహిత కిరణాలకు క్షీణిస్తుంది.

7. విఫలమైన కవచం:
కెవ్లార్‌ను మించిన బలం కోసం అమెరికా వైమానిక దళ పరిశోధనలతో రూపొందిన పి.బి.ఓ. అనే ఆరోమాటిక్ పాలిమర్‌ను జపాన్‌కు చెందిన టొయోబో సంస్థ 1998 నుంచి జైలాన్ పేరుతో ఉత్పత్తి చేసింది. కొత్తగా పరీక్షించినప్పుడు అది అసాధారణ బలం చూపింది. అయితే తేమకు, వెలుతురుకు ఆ బలం తగ్గుతూ వచ్చింది. 2003లో పెన్సిల్వేనియాలో ఒక పోలీసు ధరించిన జైలాన్ కవచాన్ని తూటా చీల్చుకుపోయింది. 2005లో అమెరికా న్యాయశాఖ సంస్థ జైలాన్ కవచాలకు గుర్తింపును ఉపసంహరించుకుంది. తయారైన నాటి బలం ఎంత అన్నదే కాక, చెమటతో, ఎండతో ఏళ్లు గడిచాక ఎంత మిగులుతుందన్నదీ పదార్థపు విలువకు కొలమానమని ఈ ఘటన చాటింది.

8. ముగింపు:
పై పరిశీలన నుంచి తేలిన అంశాలు ఇవి.

1. కెవ్లార్ ఆవిష్కరణ కేవలం యాదృచ్ఛికం కాదు. స్టౌడింగర్ భావన, కరోథర్స్ పద్ధతి, మోర్గాన్ బృందం మార్గం, ఫ్లోరీ సిద్ధాంతం ముందే ఉన్నాయి. అయినా ఆ ద్రావణాన్ని పారబోయక నిలిపిన నిర్ణయం మాత్రం క్వోలెక్ ఒక్కతెదే. ఈ రెండింటిలో ఏది విడిచినా చరిత్ర అసమగ్రమవుతుంది.

2. నోమెక్స్, కెవ్లార్‌ల నడుమ భేదం వలయం మీది బంధ స్థానాలలో ఉంది. ఆ చిన్న మార్పే ఒకదానిని అగ్నినిరోధకంగా, మరొకదానిని బలానికి ప్రతీకగా చేసింది.

3. ఆరోమాటిక్ పాలిమర్ల చరిత్రలో పోగుకు పేరు వచ్చింది, ద్రావణి తెరవెనుక ఉండిపోయింది. కర్మాగారంలో పనిచేసినవారి ఆరోగ్యం ఆ తెరవెనుక భాగానికే చెందినది కనుక, ఈ చరిత్రను రాసేటప్పుడు దానిని విస్మరించరాదు.

క్వోలెక్ పేటెంటు హక్కులు ఉద్యోగ నియమం ప్రకారం సంస్థకు చెందాయి. 1986లో పదవీ విరమణ చేసిన ఆమెకు 1996లో అమెరికా జాతీయ సాంకేతిక పతకం లభించింది. 2014లో ఆమె కన్నుమూసింది. రసాయనశాస్త్రాన్ని తెలుగులో బోధించేవారికి ఆమె కథ ఉపకరిస్తుంది. అనుకున్నట్టు రాని ఫలితాన్ని పారబోసే ముందు ఒకసారి వడకట్టి చూడాలన్న పాఠాన్ని ప్రయోగశాలలో విద్యార్థికి చెప్పడానికి అంతకన్నా స్పష్టమైన ఉదాహరణ అరుదు.